తాళం పడిన తెర

ఇంటికి తాళం వేసి ఊరికి పోయేవాళ్ళు తాళంచెవిని పక్కింట్లో ఇచ్చిపోవడం మన పల్లెల్లో మామూలే. కంప్యూటరు తాళానికి ఆ సౌకర్యం లేదు. దాని చెవి ఒక మాట. ఆ మాట కూడా మనిషి నాలుక మీద కాదు, వేళ్ళ కొసల్లో ఉంటుంది. 'నీ పాస్‌వర్డ్ ఏమిటి' అని అడిగితే చాలామంది చప్పున చెప్పలేరు. కీబోర్డు ముందు కూర్చోబెడితే మాత్రం వేళ్ళు వాటంతటవే కొట్టేస్తాయి. అంతగా అలవాటైన మాటను కొట్టినప్పుడు యంత్రం 'తప్పు' అంటే, మనిషికి మొదట అనుమానం వచ్చేది యంత్రం మీద కాదు, తన మీదే. ఆ అనుమానం గురించే ఈ నాలుగు మాటలు.

తిరుత్తణి నుంచి తిరువళ్ళూరుకు రోజూ పనికి పోయివచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. రైలయితే అరక్కోణం మీదుగా పోవాలి. 2020లో కరోనా వచ్చి రైళ్ళు నెలల తరబడి నిలిచిపోయినప్పుడు, వీళ్ళలో కొందరికి 'రిమోట్ డెస్క్‌టాప్' అనే మాట కొత్తగా పరిచయమైంది. ఆఫీసు కంప్యూటరు ఆఫీసులోనే ఉంటుంది. దాని తెర మాత్రం మన ఇంటి కంప్యూటరు మీద కనిపిస్తుంది. ఇక్కడ మీట నొక్కితే అక్కడ పని జరుగుతుంది. ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. మైక్రోసాఫ్ట్ వాళ్ళు 1998లోనే విండోస్ ఎన్.టి. 4.0 టెర్మినల్ సర్వర్‌లో దీన్ని తెచ్చారు. 2001లో విండోస్ ఎక్స్‌పి వచ్చాక అది మామూలు కంప్యూటర్లకూ దిగింది. మన వీధుల్లోకి రావడానికి మాత్రం మహమ్మారి కావలసివచ్చింది.

మా వీధిలో ఒక అమ్మాయి తిరువళ్ళూరులో ఒక చిన్న సంస్థకు లెక్కలు రాస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో చదివింది తమిళం, ఉద్యోగంలో ఇంగ్లీషు. మన ఇళ్ళలో సగానికి సగం ఇదే కథ. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను చెన్నైని, తిరువళ్ళూరు జిల్లాను వానతో ముంచి, ఆంధ్రలో బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వారమంతా రాకపోకలు అస్తవ్యస్తం. ఈ అమ్మాయి ఇంటినుంచే పని చేస్తోంది. ఏడో తేదీ మధ్యాహ్నం ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"చిన్నాయనా, ఇది నన్ను లోపలికి విడవడంలేదు. పొద్దున బాగానే ఉండింది. వంట చేసి వచ్చేలోపల తాళం పడిపోయింది. కరెక్టుగానే కొడతా ఉండాను, తప్పంటుంది."

"ఎన్ని తూర్లు కొట్టినావమ్మా?"

"నాలుగు తూర్లు."

"ఇంక కొట్టొద్దు. చెయ్యి తీసెయ్."

ఆ రోజు సాయంత్రంలోగా ముప్ఫైమంది పనివాళ్ళ జీతాల పట్టిక బ్యాంకుకు పంపాలి. వెయ్యిమందికి తక్కువ పనివాళ్ళున్న చోట ఏడో తేదీ దాటకముందే జీతం ఇవ్వాలన్నది అప్పుడు అమలులో ఉన్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం. చట్టం మాట అలా ఉంచితే, వానలో ఇల్లు తడిసినవాడికి ఏడో తేదీకీ ఎనిమిదో తేదీకీ ఎంత తేడా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఆమెను పీడిస్తున్నది మాత్రం ఇంకో సంగతి. "ఎవరన్నా నా పాస్‌వర్డ్ మార్చేసినారేమో చిన్నాయనా. నన్ను పనిలోనించి తీసేసినారేమో" అంది. తెర మీద ఒక్క వాక్యం మనిషిని ఎంత దూరం తీసుకుపోయిందో చూడండి.

చెయ్యి తీసెయ్యమన్నది ఎందుకంటే, తప్పు మాట ఇన్నిసార్లు కొడితే ఖాతాకే తాళం పడేలా ఆఫీసులు కట్టుదిట్టం చేసుకుంటాయి. కొన్నిచోట్ల అయిదుసార్లకే పడుతుంది. విండోస్ 11లో 2022 తరువాత వచ్చిన కూర్పుల్లో మామూలుగా పదిసార్లు తప్పితే పది నిమిషాలు ఆగాలి. తెర తాళం వేరు, ఖాతా తాళం వేరు. మొదటిది మనమే తియ్యవచ్చు. రెండోది పడితే ఆఫీసులో దాన్ని చూసుకునేవాళ్ళే తియ్యాలి, లేదా గడువు తీరేదాకా ఆగాలి. కంగారులో కొట్టిన ప్రతి దెబ్బా మొదటి తాళాన్ని రెండో తాళం వైపు నెడుతుంది.

తరువాత అడగవలసిన ప్రశ్న, మాటను అడుగుతున్నది ఏ యంత్రం అని. రిమోట్ డెస్క్‌టాప్‌కు రెండు వాకిళ్ళు. మొదటిది ఇంటి కంప్యూటరు మీద, కలవకముందు వచ్చే చిన్న పెట్టె. ఈ అమ్మాయి ఆ పెట్టెలో పాస్‌వర్డ్ ఎప్పుడో దాచిపెట్టుకుంది కాబట్టి పొద్దున ఒక్క అక్షరం కూడా కొట్టకుండానే లోపలికి పోయింది. రెండో వాకిలి తిరువళ్ళూరులోని యంత్రం తెర. కాసేపు కదలిక లేకపోతే తాళం వేసుకున్నది అదే. ఇప్పుడు మాట అడుగుతున్నదీ అదే. పొద్దున బాగుండి మధ్యాహ్నం చెడడానికి పాస్‌వర్డ్ మారనక్కరలేదు, వాకిలి మారితే చాలు.

కాప్స్‌లాక్ చూశాం, వెలగలేదు. కొందరు ఇంటి కంప్యూటరులో వాడే నాలుగంకెల పిన్ను అక్కడ కొడతారు. ఆ పిన్ను ఏ యంత్రంలో పెట్టుకున్నామో ఆ యంత్రానికే చెల్లుతుంది. ఈ అమ్మాయి కొట్టింది పాస్‌వర్డే.

"పొద్దున ఆ కంప్యూటర్లో ఏం పని చేసినావు?"

"బ్యాంకు మేనేజరుకు తమిళంలో ఒక లెటరు టైపు చేసినాను."

చిక్కు అక్కడే ఉంది. మనం ఇక్కడ మీట నొక్కినప్పుడు తీగ వెంట పోయేది అక్షరం కాదు. ఫలానా మీట నొక్కారు అనే ఒక సంఖ్య. ఆ సంఖ్యకు ఏ అక్షరం కట్టాలో నిర్ణయించేది అవతలి యంత్రం. ఇంటి కంప్యూటరులో మూలన ఇంగ్లీషు గుర్తు కనిపిస్తోందని మనం నిబ్బరంగా ఉంటాం. అవతల తమిళ కీబోర్డు ఎక్కి కూర్చుని ఉంటే, మనం కొట్టిన ఇంగ్లీషు మాట అక్కడ తమిళ అక్షరాల గుంపై దిగుతుంది. ఏ భాషలో దిగినా తెర మీద కనిపించేవి నల్ల చుక్కలే. చుక్కలకు భాష లేదు. ఆమె నాలుగుసార్లూ సరైన మీటలే నొక్కింది. వింటున్నవాడు వేరే భాషలో విన్నాడు.

తాళం పడిన తెరకు కుడివైపు కింద, సౌలభ్యాల గుర్తు నొక్కి తెర మీది కీబోర్డు తెరవమన్నాను. మీటల మీద వరసగా తమిళ అక్షరాలు! ఆ అమ్మాయి వాటిని చూసి ఒక్క క్షణం ఊరుకుని, ఫక్కున నవ్వింది. ఆ పక్కనే ఉన్న భాష గుర్తు మీద నొక్కి ఇంగ్లీషు ఎంచుకుంది. నేను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. ఎంత అయినవాళ్ళయినా పాస్‌వర్డ్ కొడుతుంటే చూడకూడదు, చెబుతానన్నా వినకూడదు. అయిదోసారి కొట్టింది. తెర తెరుచుకుంది. జీతాల పట్టిక ఎక్కడ వదిలిందో అక్కడే ఉంది.

అలా కుదరకపోతే ఇంకో దారి ఉంది. పైనున్న పట్టీలో గుణకారం గుర్తు నొక్కి సంబంధం తెంచుకుని, మళ్ళీ కలవవచ్చు. అప్పుడు మాట మొదటి వాకిట్లో, ఇంటి కీబోర్డు భాషలోనే చెబుతాం. తెంచుకోవడం వేరు, సైన్ అవుట్ చెయ్యడం వేరు. తెంచుకుంటే అవతల తెరిచిన పని మామూలుగా అలాగే ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కమని అవతలి తెర అడిగితే, డిలీట్‌కు బదులు ఎండ్ నొక్కాలి. లేకపోతే ఇంటి యంత్రమే ఆ పిలుపు అందుకుంటుంది.

ఇదంతా కంప్యూటరు పుస్తకంలో ఉండవలసిన సంగతి, సాహిత్య పత్రికకెందుకని కొందరికి తోచవచ్చు. ఒకే కీబోర్డు మీద మూడు భాషలు నడిపేవాళ్ళకు ఈ తాళం పడ్డంత తరచుగా, ఒకే భాషతో గడిచిపోయేవాళ్ళకు పడదు. ఇది మన ఇంటి చిక్కు. ఇంకొక కారణమూ ఉంది. మా తిరుత్తణి 1888లో సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టేనాటికి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడితే అందులో చేరింది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి వెళ్ళింది. సరిహద్దుల మార్పు చట్టం అమలైన 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వచ్చి చెంగల్పట్టు జిల్లాలో కలిసింది. 1997 నుంచి తిరువళ్ళూరు జిల్లా. ఊరు కదలలేదు, కొండ కదలలేదు, ఇళ్ళలో మాట మారలేదు. వినే కచేరీ భాష మాత్రం మారింది. నిన్నటిదాకా చెల్లిన అర్జీ మరునాడు చెల్లకపోతే, ఆ తరంవాళ్ళలో ఎంతమంది 'నాకే రాయడం రాదు కాబోలు' అని తలవంచుకుని వెనక్కు తిరిగారో!

తమిళం మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ అమ్మాయికి అన్నం పెట్టే విద్యల్లో అదొకటి. ఆనాటి పొద్దున ఆ తమిళ ఉత్తరం రాయగలిగింది కాబట్టే బ్యాంకు పని సాగింది. నేను చెప్పేది ఒక్కటే. సరైన మాట చెప్పినా ఎవరైనా తప్పంటే, వెంటనే గొంతు పెంచి నాలుగుసార్లు అదే మాట చెప్పవద్దు, తలా వంచుకోవద్దు. చెయ్యి తీసి, అవతల ఏ కీబోర్డు ఉందో ముందు చూడండి. భాష మార్చుకునే గుర్తు చాలాసార్లు అదే తెర మీద, కుడివైపు కింద, చిన్నగా ఉంటుంది.