ఒక్క వోల్టు ఒట్టు

బమ్రోలిలో ‘బీము’ అంటే ఒకటే అర్థం: సాంచెకు ఎక్కించే పడుగు నూలు చుట్టిన దిమ్మె. సూరత్‌లోని ఈ పవర్‌లూమ్ పేటకు సిరిసిల్ల నుంచి వలస వచ్చిన ఓ కార్మికుడి కొడుకు మాత్రం కొన్నాళ్లు మరో బీము వెంట పడ్డాడు. నాలుగు యాంటెనాలను వరుసగా నిలబెట్టి రేడియో తరంగాలను ఒకే దిశకు పంపడం ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో అతని ప్రాజెక్టు.

పని కంప్యూటర్‌లో మొదలైంది. 433 మెగాహెర్ట్జ్ దగ్గర అర తరంగదైర్ఘ్యం, అంటే దాదాపు 35 సెంటీమీటర్ల ఎడంతో నాలుగు డైపోల్‌లు గీశాడు. పక్కలకు చెదిరే తరంగాలు, అంటే సైడ్‌లోబ్‌లు తగ్గాలంటే మధ్య రెంటికి ఎక్కువ కరెంటు, అంచు రెంటికి తక్కువ కరెంటు అందాలని పుస్తకం చెబుతుంది. అతను అదే నిష్పత్తిలో వోల్టేజి సోర్సులు పెట్టాడు. గ్రాఫు పుస్తకంలోని బొమ్మతో కలవలేదు.

కారణం పొరుగువారే. ఒంటరి అర్ధతరంగ డైపోల్ నిరోధం దాదాపు 73 ఓమ్‌లు. అర తరంగదైర్ఘ్యం దూరంలో అలాంటిదే మరొకటి నిలబెట్టి రెంటిలోనూ ఒకేలా కరెంటు నడిపితే అది 60 దగ్గరికి దిగుతుంది. చెరోవైపు ఒక్కో పొరుగు ఉంటే 48కి చేరుతుంది. వోల్టేజి లెక్క ప్రకారం ఇచ్చినా కరెంటు ఆ లెక్కన పారదు.

దాంతో కరెంటు సోర్సుకు మారాడు. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల నుంచి 1981లో వెలువడి ఇప్పటికీ వాడుకలో ఉన్న ఎన్ఈసీ-2 ప్రోగ్రామ్‌లో యాంటెనా తీగకు ఇంత కరెంటు అని నేరుగా చెప్పే వీల్లేదు. దూరంగా చిన్న తీగముక్క పెట్టి, దానికి వోల్టేజి ఇచ్చి, తరంగాలు వెదజల్లని ఊహా నెట్‌వర్క్‌తో యాంటెనాకు కలపాలి. చిట్కా ఫలించింది. గ్రాఫు అచ్చు పుస్తకంలా వచ్చింది.

కాలేజీ డాబా మీద ఫలించలేదు. తండ్రి ఓవర్‌టైమ్ డబ్బుతో కొన్న అల్యూమినియం గొట్టాలు, కేబుళ్లు వేరే కథ చెప్పాయి. సైడ్‌లోబ్‌లు ఎక్కువగా తేలాయి. రిపోర్టుకు మూడు రోజులే గడువు. అందమైన గ్రాఫు చేతిలో ఉంది. డాబా మీది కొలతలను ఎవరూ అడగకపోవచ్చు.

ఆ రాత్రి షిఫ్టు దిగి వచ్చిన తండ్రి సంగతేమిటని అడిగాడు. ప్రతి యాంటెనాకూ అనుకున్నంత అందుతుందని కంప్యూటర్‌కు చెప్పానన్నాడు కొడుకు.

“ఎట్ల అందుతది బిడ్డా? మెయిన్ బోర్డు కాడ ముల్లు నిండుగనే ఉంటది. సాంచాలన్నీ ఒక్కపారి లేస్తే మూలకున్న దానికి అంత రాదు. నడుమ తీగె లేదా?”

అతను వదిలేసింది ఆ తీగెనే. వోల్టేజి సోర్సంటే ఎంత గుంజినా వోల్టు తగ్గదని ఒట్టు. కరెంటు సోర్సంటే ఏం అడ్డొచ్చినా కరెంటు మారదని ఒట్టు. డాబా మీది పవర్ డివైడర్ ఈ రెండు ఒట్లలో ఏదీ వేయలేదు.

లెక్కలో రాసుకున్న నిష్పత్తిని పరికరాలే నిలబెట్టాలనడానికి తెలుగు నేల మీదే పెద్ద ఉదాహరణ ఉంది. తిరుపతి సమీపంలోని గాదంకి రాడార్‌లో 53 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే 1,024 యాగీ యాంటెనాలున్నాయి. 1990లలో పని ప్రారంభించినప్పుడు దానికి 32 ట్రాన్స్‌మిటర్లు. సైడ్‌లోబ్‌లను అణచడానికి వాటి శక్తిని 15 నుంచి 120 కిలోవాట్ల దాకా వేర్వేరుగా పెట్టారు. నడిమి వరుసలకు ఎక్కువ, అంచులకు తక్కువ. ఆ తర్వాతి కాలంలో ఒక్కో యాంటెనాకు ఒక్కో మాడ్యూల్‌ను అమర్చారు.

మర్నాడు అతను మోడల్‌ను తిరగరాశాడు. డివైడర్ ప్రతి కొస దగ్గరా 50 ఓమ్‌ల అంతర్నిరోధమున్న సోర్సు, ఆపైన డాబా మీద వాడినంత పొడవు కేబుల్. ఈసారి వచ్చిన గీత పుస్తకానికి దూరంగా, డాబా కొలతలకు దగ్గరగా ఉంది. రిపోర్టులో మూడు గ్రాఫులనూ పెట్టి, ఒక్కోదాని కింద ఏ సోర్సు వాడాడో రాశాడు.

తండ్రి ఆఖరి గ్రాఫు మీద వేలు పెట్టాడు. “గీ ఎగుడుదిగుడు ఏంది?”

“మన యాంటెనా గట్లనే ఉంది బాపూ.”