గీత దగ్గర నిలబడినప్పుడు



మా సంఘములోని ఒక కుర్రవాడు హాస్టలులో ఉండి చదువుకుంటూ బాస్కెట్‌బాల్ ఆడుతున్నాడు. ఒక శనివారం వాని ఆట చూడడానికి వెళ్ళాము. మాకు ఆ ఆట అంతగా తెలియదు. ప్రక్కన కూర్చున్న డ్రిల్లు మాస్టారు ఓపికగా వివరించారు. ఎదుటి జట్టువారు నియమం తప్పి అడ్డుకుంటే ఫ్రీ త్రో ఇస్తారట. బోర్డుకు 15 అడుగుల దూరంలో గీత, 10 అడుగుల ఎత్తులో రింగు. గీత దగ్గర నిలబడి వేయాలి. ఎవరూ అడ్డు రాకూడదు. పడితే ఒక పాయింటు.

"ఇంత సులువా మాస్టారూ?" అన్నాము.

"అడ్డం ఎవరూ లేనప్పుడే కష్టమండీ అయ్యగారూ. అప్పుడు మన మనస్సే మనకు అడ్డం" అన్నారాయన.

మా కుర్రవానికి రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. మెడలోని సిలువను తీసి ముద్దు పెట్టుకొని, ఆకాశం వైపు చూసి వేశాడు. పడలేదు. మళ్ళీ ముద్దు పెట్టుకొని వేశాడు. అదీ పడలేదు. ఆట ఓడిపోయారు. వాడు మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, నేను ప్రతిసారీ సిలువను ముద్దు పెట్టుకొనే వేస్తాను. దేవుడు ఎందుకు వినలేదు?" అని అడిగాడు.

మా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "బాబూ, సిలువ తాయెత్తు కాదు. ఇశ్రాయేలీయులు కూడా షిలోహు నుండి మందసమును యుద్ధానికి మోసుకుపోయారు. అది ఉంటే చాలు, గెలుస్తామనుకున్నారు. ఓడిపోయారు, మందసమూ పోయింది" అని చెప్పాము. వాడు తల వంచుకొని వెళ్ళిపోయాడు. బాగా చెప్పామనుకున్నాము.

ఆ మంగళవారమే ప్రక్క ఊరిలో ఒక ఇంటికి పిలుపు వచ్చింది. మూడేళ్ళ పాప జ్వరంతో చనిపోయింది. ఇల్లంతా జనం. మేము కన్నులు మూసి ప్రార్థన మొదలుపెట్టాము. ఎన్నో ఇళ్ళలో చేసిన ప్రార్థనే దానంతట అది నోట వచ్చింది. ముగించి కన్నులు తెరిచేసరికి పాప తండ్రి తల ఎత్తి మా వైపు చూస్తున్నాడు. ఏమీ అనలేదు.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో మా భార్య మెల్లగా అడిగింది, "ప్రార్థనలో మీరేమన్నారో మీకు తెలుసా?" మాకు తెలియదు. "ఈ ఇంటి బిడ్డలను కాపాడుచున్నందుకు స్తోత్రము అన్నారు" అని చెప్పింది.

బండి ఆపి రోడ్డు ప్రక్కన నిలబడిపోయాము. ఆ కుర్రవానికి తాయెత్తు మెడలో ఉంటే, మాకు నోటిలో ఉంది.

ఆ తరువాత కొన్నాళ్ళు అలవాటైన మాటలన్నీ విడిచిపెట్టి ప్రార్థించాలని చూశాము. మాట తడబడింది, తలంపులు చెదిరిపోయాయి. అలవాటే పాపమా? ఈ ప్రశ్నతో ఆ ఆటను గురించి కొంత చదివాము. దానిని ప్రారంభించిన జేమ్స్ నైస్మిత్ మాంట్రియల్‌లో వేదాంత విద్య చదివినవారని తెలిసి ఆశ్చర్యపోయాము. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో, పండ్ల బుట్టలు పైన కట్టించి విద్యార్థులచేత ఈ ఆట ఆడించారు.

ఫ్రీ త్రో వేసే ముందు పేరుగల ఆటగాళ్ళలో ఒక్కొక్కరికి ఒక్కొక్క అలవాటు. జేసన్ కిడ్ రింగు వైపు ముద్దు విసిరేవాడు. స్టీవ్ నాష్ బంతి అందకముందే ఉత్త చేతులతో వేసి చూసుకొనేవాడు. అందరికంటె మా మనస్సుకు తాకినవారు టామ్ ఆంబెరీ అనే పెద్దాయన. ఉద్యోగ విరమణ చేసిన పాదాల వైద్యుడు. 1993లో, 71 ఏళ్ళ వయస్సులో, ఒక్కటి కూడా తప్పకుండా వరుసగా 2,750 ఫ్రీ త్రోలు వేశారు. గీతకు ఎదురుగా పాదాలు సరిచేసుకోవడం, బంతిని మూడుసార్లు నేలకు కొట్టడం, దానికి గాలి కొట్టే రంధ్రం మీద చూపు నిలపడం, మోకాళ్ళు వంచి వేయడం. ప్రతిసారీ ఇదే వరుస.

మూడుసార్లు నేలకు కొట్టినందువలన బంతి రింగులో పడదు. కాని చెదిరిన మనిషి ఒక చోటికి చేరుతాడు. ఆయన చేసింది ప్రతిసారీ ఒకే పని, అయినా ప్రతిసారీ చేతిలో ఉన్న ఈ బంతినే చూశారు. మేము ఎదుట ఉన్న ఇంటిని చూడలేదు. తేడా అక్కడ ఉంది.

దానియేలు కూడా దినమునకు మూడుసార్లు, అదే కిటికీ దగ్గర మోకరించేవాడు. ఆ కిటికీ యెరూషలేము వైపు తెరిచి ఉండేది. వ్యర్థమైన మాటలను గూర్చి హెచ్చరించిన ప్రభువే శిష్యులకు ఒక ప్రార్థన నేర్పించాడు. అలవాటు మనలను దేవుని యెదుటికి నడిపిస్తే మేలు. మనకు బదులుగా దానినే పంపితే కీడు.

మేము మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాము. తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా పాప పేరు ఒక్కసారి చెప్పి ప్రార్థన చేయండి అయ్యగారూ" అన్నాడు. అప్పటివరకు ఆ పేరు మాకు తెలియదు. అడిగి తెలుసుకొని, పేరు చెప్పి, నాలుగు మాటలే ప్రార్థించాము. అందరమూ ఏడ్చాము.

ఇప్పుడు మాకూ ఒక అలవాటు ఉంది. ఏ ఇంటికి వెళ్ళినా గుమ్మం దగ్గర చెప్పులు విడిచి ఒక్క క్షణం నిలబడతాము. ఆ ఇంటివారి పేర్లు ఒక్కొక్కటిగా తలచుకుంటాము. తెలియకపోతే అడుగుతాము. ఆ తరువాతే నోరు తెరుస్తాము.

కుర్రవానితో కూడా మాట్లాడాము. "బాబూ, ఆ రోజు నీకు చెప్పిన మాట ముందు మేము నేర్చుకోవలసింది. సిలువను ముట్టుకో, ముట్టుకున్నప్పుడు ప్రభువును తలచుకో. తరువాత రింగును చూడు. రోజూ సాధన చెయ్యి" అన్నాము. మొన్న ఆటలో రెండు వేస్తే ఒకటి పడిందని సంతోషంగా చెప్పాడు.

ప్రియులారా, ఈ రాత్రి కుటుంబ ప్రార్థనకు కూర్చున్నప్పుడు, అలవాటైన మాటలు నోటికి రాకముందు, మీ చుట్టూ ఉన్నవారి ముఖాలు ఒక్కసారి చూడండి. ప్రభువు మన ప్రార్థనలను సజీవముగా ఉంచును గాక. ఆమేన్.