పాట ముందు, కెమెరా తర్వాత



అమలాపురం హాస్టల్లో ఉండే మేం ఏడుగురం కలిసి ఇరవై నిమిషాల చిన్న సినిమా తీస్తున్నాం. షూటింగ్ సంక్రాంతి సెలవులయ్యాక. చేతిలో ఉన్నది 14,000 రూపాయలు, రెండు ఫోన్లు, ఒక కాలర్ మైకు. "మేమూ తీయాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని గ్రూపులో కొందరు అడిగారు. కెమెరా సంగతులు యూట్యూబులో ఎవరైనా చెప్తారు. కెమెరా పట్టుకోకముందు రెండు నెలలు మేం ఏం చేశామో నేను చెప్తాను. పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

కథ చిన్నది. చింతూరు వైపు నుంచి ఒక కోయ కుర్రాడు కోనసీమ హాస్టలుకి వస్తాడు. రోజూ రాత్రి వాళ్లమ్మ ఫోన్ చేస్తుంది. మొదట్లో కోయలో మాట్లాడతాడు. రూములో వాళ్లు నవ్వాక బయటికెళ్లి మాట్లాడతాడు. తర్వాత అమ్మ కోయలో అడిగితే వీడు తెలుగులో చెప్తాడు. ఆఖరికి ఫోనే ఎత్తడు. అంతే. మనలో చాలామందికి ఇది కథ కాదని నాకు తెలుసు.

మొదట హీరో ఎవరన్న గొడవ వచ్చింది. కాలేజీలో డాన్స్ బాగా చేసే అబ్బాయి ఒకడున్నాడు, ఇన్‌స్టాలో ఫాలోవర్లున్నారు, వాణ్ని పెడితే వ్యూస్ వస్తాయన్నారు. కోయ మాటలు తెలుగు అక్షరాల్లో రాసిస్తే బట్టీ కొట్టేస్తాడన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆకులు కట్టి, ఈకలు పెట్టి, అర్థంలేని అరుపులు అరిపించి "ఇదే గిరిజనం" అని సినిమాల్లో చూపించింది చాలదా? ఆ పని మనమూ చేస్తే ఎలా?

అప్పుడు టీం అందరం రెండు సినిమాలు చూశాం. ఒకటి 2018లో వచ్చిన "కేరాఫ్ కంచరపాలెం". వెంకటేష్ మహా విశాఖలోని కంచరపాలెంలోనే తీశాడు. అందులో ఎక్కువమంది ఆ పేటవాళ్లే, అంతకుముందు కెమెరా ముందుకి రానివాళ్లు. నిర్మాత ప్రవీణ పరుచూరి కూడా ఒక పాత్ర వేశారు. రెండోది నాగరాజ్ మంజులే తీసిన మరాఠీ సినిమా "ఫండ్రీ". కైకాడీ కులం కుర్రాడి కథ. జబ్యా పాత్ర వేసిన సోమనాథ్ అవఘడేకి అదే మొదటి సినిమా, దానికే జాతీయ అవార్డు వచ్చింది. అవి చూశాక ఎవరూ ఫాలోవర్ల మాట ఎత్తలేదు.

మేం ఎవరికీ డైలాగ్ పేపరు ఇవ్వలేదు. వచ్చినవాళ్లని మూడు పనులు చేయమన్నాం: బకెట్టుతో నీళ్లు మోసుకురావాలి, కంచంలో అన్నం తినాలి, ఇంటికి ఫోన్ చేసి మాట్లాడాలి. మొదటి రెండూ అందరూ చేశారు. మూడోదాని దగ్గర, కెమెరా ఉందనగానే మన పిల్లలే తెలుగులోకి వచ్చేశారు! వీఆర్ పురం వైపు నుంచి వచ్చిన ఫస్టియర్ తమ్ముడొకడు, క్లాసులో నోరు విప్పనివాడు, వాళ్లమ్మతో మేక ఈనిన సంగతి ఎనిమిది నిమిషాలు కోయలోనే మాట్లాడాడు. మేమున్నామన్న ధ్యాసే లేదు. వాడే మా హీరో.

వాడొక షరతు పెట్టాడు. "అన్నా, ఫోన్లో గొంతు మా అమ్మదే పెట్టండి." వాళ్లమ్మని అడిగితే "ఒక పూట కూలి పోతది, ఎంతిస్తారు?" అంది. న్యాయమైన మాట. 500 అనుకున్నాం. ఆ రోజే మిగతావాళ్లకీ రోజుకి కూలి లెక్కన ఇవ్వాలని రాసుకున్నాం. మనోళ్లే కదా అని ఊరికే చేయించుకోకండి.

టిఫిన్ బండి పెద్దమ్మ పాత్రకి మా వీధి చివరి పెద్దమ్మనే అడిగాం. పుస్తకం తెలుగులో మేం రాసింది చదివి వినిపిస్తే, "అలాగెవరంటారు బాబూ? ఏటి, ఇయ్యాల తినలేదేటి? అంటాను" అంది. అదే ఉంచాం.

నవ్వే రూమ్మేట్లుగా ఇద్దరు కోనసీమ స్నేహితులు చేస్తున్నారు. నాలుగు రిహార్సల్స్ అయ్యాక ఒకడు చేతులెత్తేశాడు. "నవ్వు రావట్లేదురా. వాడు వాళ్లమ్మని తిన్నావా అంటున్నాడని ఇప్పుడు తెలుస్తుంది కదా" అన్నాడు. ఆ మాటకి అందరం కాసేపు ఊరుకున్నాం. అందుకని షూటింగ్ రోజు మా తమ్ముడు రిహార్సల్లో ఎప్పుడూ అనని మాటలు మాట్లాడతాడు.

ఇక పాట. కీబోర్డు వాయించే ఫ్రెండు, రేల పాట ఒకటి పాడించి దానికి బీటు వేద్దామన్నాడు. దసరా సెలవుల్లో మా అమ్మమ్మ దగ్గర కూర్చున్నాం. భూమి పండగ పాట అడిగితే "అది పండగలోనే పాడాలి, మీ ఫోన్లోకి కాదు" అంది. ఇంకోసారి అడగలేదు. నాట్లప్పుడు పాడుకునేది ఒకటి ఇచ్చింది, అదీ ఊరి పెద్దల్ని అడిగొచ్చాకే. బీటు దానికి కుదరలేదు. అమ్మమ్మ ఊపిరి ఆపినచోట పాట ఆగుతుంది, కంప్యూటర్ ఆగదు. బీటు తీసేశాం, రేకుల మీద వాన చప్పుడు ఉంచేశాం.

డోలు సీనుకీ ఇదే చిక్కు. సినిమావాళ్లు పాట ముందే రికార్డు చేసి, స్పీకర్లో పెట్టి ఆడిస్తారు. మా ఊళ్లో డోలు కొట్టే మామలు ఆడేవాళ్ల కాళ్లని చూసి కొడతారు, కాళ్లు మారితే దెబ్బ మారుతుంది. అందుకే ఆ సీను రెండు ఫోన్లతో ఒకేసారి, ఆపకుండా, ఆట, చప్పుడు కలిపే తీస్తాం. కొమ్ములు పెట్టుకోమని ఎవర్నీ అడగం. అది పండగ రోజు కాదు.

మిగతా సంగీతం గోదావరిదే. కూనవరం దగ్గర శబరి కలిసిన నీళ్లే ధవళేశ్వరం దాటి ఇక్కడ గౌతమి, వశిష్ఠ అవుతాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిన వరద మన ఊళ్లనీ ముంచింది, ఇక్కడి లంకల్నీ ముంచింది. కోటిపల్లి రేవులో పడవ చప్పుడు, మా ఊరి శబరి చప్పుడు రెండూ రికార్డు చేసి పెట్టుకున్నాం. పోలవరం నీళ్లు నిండితే ఆ రెండో చప్పుడు తీసుకోడానికి ఆ ఒడ్డు ఉండదు.

కాబట్టి సినిమా తీసినా తీయకపోయినా ఒక పని చేయండి. ఈసారి ఇంటికెళ్లినప్పుడు పాట తెలిసిన పెద్దోళ్లు ఎవరో కనుక్కోండి. రికార్డు చేయొచ్చా అని ముందు అడగండి. వద్దంటే పక్కన కూర్చుని నేర్చుకోండి. దానికి బడ్జెట్ అక్కర్లేదు.

మాకు ఇంకో కాలర్ మైకు కావాలి. రాజోలు, కొత్తపేట హాస్టళ్లలో ఎవరి దగ్గరన్నా ఉంటే నాలుగు రోజులు ఇవ్వండి, జాగ్రత్తగా తిరిగిస్తాం.

జై ఆదివాసీ. జోహార్.