బీవర్‌కిల్ ఒడ్డున గాలపు బెత్తం

న్యూయార్కు రాష్ట్రంలో క్యాట్‌స్కిల్ కొండల నడుమ రాస్కో అనే చిన్న వూరున్నది. న్యూజెర్సీలోని మా అమ్మాయి ఇంటినుండి కారులో రెండున్నర గంటల ప్రయాణం. బీవర్‌కిల్, విల్లోవీమాక్ అనే రెండేళ్ళు ఇక్కడ కలుస్తాయి. మన సంగమాలవలె గుడీ లేదు, మెట్లూ లేవు. నడుములోతు చన్నీళ్ళలో రబ్బరు లాగులు తొడుక్కుని నిలబడ్డ మనుషులు మాత్రం వున్నారు. ట్రౌట్ చేపకోసం వారి తపస్సు చూడవలసిందే!

ఈ గాలానికి వానపాము పనికిరాదు. ఈకలతో, దారంతో కట్టిన ఉత్తుత్తి ఈగను నీటిమీద మెల్లగా వాలనివ్వాలి. ఈగకు బరువుండదు గనుక, కాస్త బరువున్న తాడునే విసరాలి. తాడు బరువుకు అంకెలున్నాయి. బెత్తం ఆ అంకెకు సరిపడాలి. పూటకు వందలసార్లు విసరాలి. మా చిక్కల్లా అదే. మా అల్లుడి కుడి మణికట్టుకు 2021లో ఆపరేషను జరిగింది. "పాత బెత్తంతో పది నిమిషాలు విసిరితే చెయ్యి లాగేస్తోంది, మామయ్యగారూ" అన్నాడు. రెండేళ్ళుగా ఏటి మొహం చూడలేదు. చేతికి తగినది కట్టించాలని 2023 మే నెలలో బయలుదేరాము.

బెత్తాలు కట్టే పెద్దమనిషి కొట్టు, ఇంటి వెనుక షెడ్డే. అల్లుడి మనసంతా వెదురు మీద వున్నది. వెదురు బద్దలను మూడంచులుగా చిత్రిక పట్టి, ఆరింటిని జిగురుతో అతికిస్తారు. వెనుక దీనికి కలకత్తా రేవునుండి వెళ్ళిన మన వెదురే వాడేవారు. 1881లో హైరం లెనార్డ్ ఈ రాష్ట్రంలోనే, సెంట్రల్ వాలీలో, వెదురు బెత్తాల కార్ఖానా నెలకొల్పాడు. తరువాత దక్షిణ చైనా వెదురు మన వెదురును వెనక్కు నెట్టింది. 1950లో అమెరికా చైనా సరుకును నిషేధించగా, గాజునార బెత్తాలు బలపడ్డాయి. ఈనాడు ఎక్కువ చేతుల్లో వున్నది గ్రాఫైటు.

పెద్దమనిషి సలహా ఏమీ చెప్పలేదు. రెండు బెత్తాలిచ్చి పచ్చికలో విసిరి చూడమన్నాడు. వెదురు నెమ్మదిగా, అందంగా వంగింది. పన్నెండు నిమిషాలయ్యేసరికి అల్లుడి ఎడమచెయ్యి తనంతట తానే కుడి మణికట్టు మీదికి పోయింది. ఎవరమూ మాట్లాడలేదు. వెదురును గోడకు ఆనించి గ్రాఫైటు తీసుకున్నాడు: ఎనిమిదిన్నర అడుగులు, నాలుగో నంబరు, మూడు ఔన్సులలోపు.

ఇక పిడి. ఇది బెండు. పోర్చుగల్‌లో ఒక జాతి ఓక్ చెట్టునుండి తొమ్మిదేళ్ళకొకసారి బెరడు వొలుస్తారు, చెట్టు చావదు. బిళ్ళలను అతికించి చరఖు మీద తిప్పి చుట్ట ఆకారంలో నునుపు చేస్తారు. పిడి మరీ సన్నమైతే బిగించి పట్టాలి, నొప్పి అక్కడే మొదలు. అందుకని అరచెయ్యి కొలిచి కాస్త లావుగా వుంచాడు. రీలుకూడా బరువు తూచి ఎన్నుకున్నాము. తాడు నడిచే తీగ వలయాలకు లెక్క సులభం: అడుగుకొకటి, పైన ఒకటి.

వాటిని కట్టే పట్టుదారం రంగు మా అమ్మాయి వంతు. కుంకుమ రంగు కావాలన్నది. పెద్దమనిషి ఒక ముక్కకు దారం చుట్టి వార్నీషు పూశాడు. చూస్తూండగానే ఎరుపు నల్లబడి, కాచు రంగు తేలింది. రంగు నిలిపే మందు ముందుగా పూస్తే కుంకుమ అలాగే వుంటుందట. అమ్మాయి రెండు ముక్కలూ కిటికీ దగ్గర పెట్టి చాలాసేపు చూచి, మొగుడి వంక తిరిగి, "కాచు రంగే వుండనివ్వండి. చేపలకు కనబడదు" అన్నది.