నాడి లేని చోట

2020 ఆగస్టులో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు చెన్నై ఆసుపత్రిలో ఉన్నప్పుడు ‘ఎక్మో’ అన్న మాట తెలుగువారి ఇంటింటా వినబడింది. గుండె ఆపరేషన్లలో వాడే హార్ట్-లంగ్ మెషీన్‌కు అది చుట్టమే. రోజుల తరబడి నడవగలదు. సెప్టెంబరు 25న బాలుగారు వెళ్ళిపోయారు. ఆ మాట మాత్రం నాలో ఒక ప్రశ్నను మిగిల్చింది. ఒంటి బయట గొట్టాలలో తిరిగే నెత్తురులో ప్రాణవాయువు ఎంతుందో ఎలా తెలుస్తుంది? ఆ రోజుల్లో మనమందరం వేలికి తగిలించుకున్న ఆక్సీమీటరు చాలదా?

దానిలో రెండు దీపాలుంటాయి. ఒకటి 660 నానోమీటర్ల ఎర్రకాంతి, రెండవది 940 ప్రాంతంలోని పరారుణ కాంతి. ప్రాణవాయువును వదిలేసిన హిమోగ్లోబిన్ మొదటిదాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది, నింపుకున్నది రెండవదాన్ని. కానీ చర్మమూ ఎముకా కూడా కాంతిని పీల్చుకుంటాయి కదా! నాడి కొట్టుకున్నప్పుడల్లా మారే భాగం మాత్రమే ధమని రక్తానిదని గ్రహించి, 1974లో ఈ చిక్కు విప్పినవాడు జపాను ఇంజనీరు తకువో అవొయాగి.

అంటే ఆ పరికరానికి నాడి కావాలి. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ ఒక యువతి గుండెలోని రంధ్రాన్ని మూసినప్పుడు, 26 నిమిషాలపాటు ఆమె గుండె, ఊపిరితిత్తుల పనంతా యంత్రమే చేసింది. నేటికీ అలాంటి యంత్రాలలో నెత్తురు సాధారణంగా కాలువ నీరులా ఒకే తీరున సాగుతుంది. వేలిమీది ఆక్సీమీటరు అక్కడ మూగబోతుంది.

అందుకే కాంతిని గొట్టం దగ్గరికే తీసుకువెళ్ళారు. గొట్టం మధ్య పారదర్శకమైన చిన్న అర అమర్చి, బయటినుంచి కాంతిని పంపి, ఎర్రకణాలకు తగిలి వెనక్కి చెదిరినదాన్ని కొలుస్తారు. నాడితో పని లేదు, చర్మం అడ్డు లేదు. చర్మం అడ్డు చిన్నదేమీ కాదు: వేలి ఆక్సీమీటరు ప్రమాదాన్ని పసిగట్టకపోవడం తెల్లవారిలో కంటే నల్లవారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020 డిసెంబరులో వెలువడిన అమెరికా అధ్యయనం తేల్చింది. గొట్టంలో ఇబ్బందులు వేరు. యంత్రంలో ముందుగా నింపిన ద్రవంతో నెత్తురు పలచబడుతుంది కనుక, మధ్యమధ్య నమూనా తీసి పరీక్షించి, సెన్సరు అంకెను సరిచూడవలసిందే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది, ఒంట్లోకి వెళ్ళే గొట్టం కాదు, తిరిగివచ్చే గొట్టం. వెళ్ళేది నిండుగా ఉన్నా, వచ్చేదానిలో అంకె పడిపోతున్నదంటే ఇచ్చింది శరీరానికి చాలడం లేదన్నమాట. మత్తులో ఉన్న మనిషి ఆ మాట నోటితో చెప్పలేడు. పంపు వేగం పెంచాలా, నెత్తురు కలపాలా అని ఆ అంకెను చూసి ఆలోచించేది యంత్రం దగ్గర కూర్చున్న పర్‌ఫ్యూజనిస్టు. ఆపరేషన్ అయ్యాక మనం సర్జనుగారికి దణ్ణం పెడతాం. ఆయన పక్కన, అంకె మీదనుంచి కన్ను తీయకుండా కూర్చున్న మనిషి పేరు అడగాలన్న ఊహ కూడా మనకు రాదు.