ఇనుప కొండ కింద ప్లాస్టిక్ కరెంటు

ఎద్దు మూపురంలా ఉంటుంది కాబట్టి ఆ కొండకు బైలాడీలా అని పేరు. దాని కింది ఊరే బచేలి. ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో ఉన్నా తెలుగువాళ్లకు మరీ పరాయి ఊరేమీ కాదు. గనులు నడిపే ఎన్ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంటే, ఖనిజం ఓడెక్కే రేవు విశాఖలో ఉంది. కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం వేసిందే ఈ ఖనిజాన్ని జపాన్‌కు పంపడం కోసం. బచేలి వైపున్న 5వ నంబరు గని 1977లో మొదలైంది.

సరిగ్గా ఆ ఏడాదే, ఆ జపాన్‌కే చెందిన రసాయన శాస్త్రవేత్త హిడెకి షిరకావా అమెరికాలో అలాన్ మెక్‌డయార్మిడ్, అలాన్ హీగర్‌లతో కలిసి ఓ వింత బయటపెట్టారు. ప్లాస్టిక్ కరెంటును మోస్తుందని! కథ అంతకు పదేళ్ల ముందు ఓ పొరపాటుతో మొదలైంది. టోక్యో ప్రయోగశాలలో ఉత్ప్రేరకం వెయ్యి రెట్లు ఎక్కువ పడడంతో నల్లటి పొడికి బదులు వెండిలా మెరిసే పొర ఏర్పడింది. దాని పేరు పాలీఎసిటిలీన్. దానికి అయోడిన్ ఆవిరి పట్టిస్తే విద్యుత్ వాహకత ఏకంగా కోటి రెట్లు పెరిగింది. ఆ ముగ్గురికీ 2000లో నోబెల్ వచ్చింది. వైరు మీద కరెంటును అడ్డుకోవడానికి తొడిగే ప్లాస్టిక్కే వైరు పని చేయడమంటే కాపలాదారే దారి చూపించినట్టు.

మోయగలిగింది ఎండ నుంచి పుట్టించలేదా? 1986లో చింగ్ టాంగ్ రెండు సేంద్రియ పొరలు అతికించి 1 శాతం సామర్థ్యం చూపించారు. చిక్కు ఎక్కడంటే, ఎండ తగిలి పుట్టిన ఆవేశం ఈ పదార్థాల్లో పట్టుమని 10 నానోమీటర్లు కూడా నడవకుండానే చల్లారిపోతుంది. పొరలు పక్కపక్కన ఉంటే సరిహద్దు చేరేదెలా? 1995లో హీగర్ బృందం పొరలు వేయడం మానేసి, పాలిమర్‌నూ బంతిలాంటి కార్బన్ అణువులనూ పప్పూ అన్నం కలిపినట్టు కలిపేసింది. ఎక్కడ ఆవేశం పుట్టినా పక్కనే సరిహద్దు. ఇప్పుడు ప్రయోగశాలల్లో ఈ ఘటాల సామర్థ్యం 20 శాతం దరిదాపులకు చేరింది.

ఈ కథలో తెలుగు నేల నుంచి వెళ్లిన పేరు ఒకటుంది. ఉస్మానియాలో చదివి స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్‌కు వెళ్లిన మహ్మద్ ఖాజా నజీరుద్దీన్. అక్కడ మైకేల్ గ్రాట్జెల్ 1991లో ఆకుపచ్చని ఆకు పని చేసే తీరును తలపించే రంగు ఘటాన్ని ప్రకటించారు. 1993లో నజీరుద్దీన్ ముందుండి తెచ్చిన రుథేనియం రంగు దాన్ని 10 శాతానికి చేర్చింది. అయితే ఆ ఘటంలో ఉన్నది ద్రవం. అది కారితే అంతా పోయినట్టే. 2013లో కొరియా పరిశోధకులతో కలిసి ఆయన పాలుపంచుకున్న పనిలో ద్రవం స్థానంలోకి పాలిమర్ వచ్చింది, రంగు స్థానంలోకి పెరోవ్‌స్కైట్ వచ్చింది. సామర్థ్యం 12 శాతం. హైదరాబాద్‌లోని ఐఐసీటీలోనూ ఇలాంటి రంగులపై చెప్పుకోదగ్గ పరిశోధన జరిగింది.

బచేలికి ఇదంతా ఎందుకు? 2007లో నారాయణపూర్ ప్రాంతంలో మావోయిస్టులు హైటెన్షన్ టవర్లను పేల్చేసినప్పుడు బస్తర్ రోజుల తరబడి చీకట్లో ఉంది. గనుల పనీ దెబ్బతింది. టౌన్‌షిప్‌కు అది కొద్ది రోజుల అవస్థ. అడవిలోని చాలా పల్లెలకు మాత్రం చీకటి కొత్తేమీ కాదు. టవరూ తీగా చేరని అలాంటి చోట్లకు సోలార్ పలకలు వెళ్లాయి. అవన్నీ సిలికాన్‌వే. బరువైన పలకను మోసుకెళ్లే బదులు, చాపలా చుట్టి చంకన పెట్టుకెళ్లే పొర ఉంటే ఎంత సుఖం! పత్రిక అచ్చువేసినట్టు చుట్టలు చుట్టలుగా ముద్రించవచ్చన్నదే ఈ పరిశోధన చూపిన పెద్ద ఆశ.

ఆశ బజారులో నిలబడలేదు. హీగర్ సహవ్యవస్థాపకుడిగా 2001లో మొదలైన కొనార్కా కంపెనీ పాలిమర్ పొరలు తయారుచేసి 2012లో దివాలా తీసింది. సిలికాన్ ధర అంతలా పడిపోయింది మరి. అదొక్కటే కారణమనుకుంటే పొరపాటు. ఈ పాలిమర్లకు తేమా, ప్రాణవాయువూ, అతినీలలోహిత కిరణాలూ గిట్టవు. బస్తర్‌లో వేసవి ఎండ ఎంత కాస్తుందో, వానాకాలం అంతకు అంత ముంచుతుంది. దానికితోడు గనుల ఊళ్లో ఎర్రటి ఇనుప ధూళి. నైట్రోజన్ నింపిన పెట్టెలో కొలిచిన 20 శాతానికి ఇక్కడి పెంకుటింటి మీద విలువెంత? సిలికాన్ పలకకు కంపెనీలు 25 ఏళ్ల భరోసా ఇస్తున్నాయి. పెరోవ్‌స్కైట్‌కైతే ఇంకో చిక్కు. అందులో సీసం ఉంటుంది. పొర చిరిగి వాన పడితే అది పొలంలోకే పోతుంది. ఇప్పటికే గనుల నుంచి కొట్టుకొచ్చే ఎర్రనీటితో వేగుతున్న వాగుల పక్కన ఈ ప్రశ్నను పక్కన పెట్టడం కుదరదు.

అందుకే ఇప్పుడు పోటీ శాతాల కంటే ఏళ్ల మీదికి మళ్లుతోంది. నీటి ఆవిరిని ఆపే పలుచని కవచాల మీద, వేడికి చెదరని అణువుల మీద పని సాగుతోంది. రెండు వైపులా గాజు బిగిస్తే తేమ ఆగుతుంది. కానీ అప్పుడది చుట్టి తీసుకెళ్లే చాప కాదు, మళ్లీ మోసుకెళ్లాల్సిన పలకే.