డిచ్‌పల్లిలో చెప్పుకున్న సబ్‌మెరీను కథ

నిజామాబాదులో రైలెక్కి హైదరాబాదు వైపు వస్తుంటే కాసేపటికే డిచ్‌పల్లి స్టేషను వస్తుంది. ఆ ఊరికి గుర్తు రామాలయం. గుట్ట మీద ఉన్న ఆ గుడి గోడల నిండా శిల్పాలే. పైన నిలబడి చూస్తే నాలుగు వైపులా పొలాలూ, రాతి గుట్టలూ కనిపిస్తాయి. బోధన్ దారిన పోతే ఒకప్పుడు అంతా చెరుకే. అక్కడ 1937లో పెట్టిన చక్కెర ఫాక్టరీ 2015లో మూతపడింది.

సముద్రం మాత్రం ఎటు పోయినా వందల కిలోమీటర్ల దూరం. అయినా సముద్రం దాటి వచ్చినవాళ్ళు ఈ ఊరికి కొత్త కాదు. నూరేళ్ళకు పైబడి ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు డాక్టరమ్మ వచ్చి, ఇక్కడ కుష్ఠురోగుల కోసం ఆస్పత్రి నెలకొల్పింది.

మా అక్కయ్య ఉండేది ఆ ఊళ్ళోనే. సెలవుల్లో వెళ్ళి, గుడి చూసి ఇంటికి వచ్చేసరికి, మా మేనల్లుడు పెరట్లో నీళ్ళ గోలెం దగ్గర కూర్చుని స్టీలు చెంబును ముంచుతున్నాడు.

"మామా, చెంబు నిండితే మునుగుతున్నది. మరి సబ్‌మెరీను మునిగి మళ్ళీ పైకి ఎట్లా వస్తుంది?" అని అడిగాడు.

నేను చెంబును నీళ్ళతో నింపి, గోలెం అడుగున బోర్లించాను. ఒక రబ్బరు గొట్టం కొసను దాని మూతి కిందికి దూర్చి, రెండో కొసను వాడి నోటికి అందించి ఊదమన్నాను. వాడు బుగ్గలు పొంగించి ఊదాడు. గాలి లోపలికి పోతున్నకొద్దీ నీళ్ళు బయటికి పోయి, చెంబు కదిలి పైకి లేచింది.

సబ్‌మెరీనులో జరిగేదీ అంతే. దానికి పక్కల పెద్ద పెద్ద తొట్లు ఉంటాయి. వాటిలోకి సముద్రపు నీరు వదిలితే మునుగుతుంది. సీసాల్లో అదిమి పెట్టిన గాలిని ఆ తొట్లలోకి వదిలి నీటిని తోసేస్తే తేలుతుంది. చిక్కల్లా ఇంజన్లతోనే. డీజిల్ ఇంజను నడవాలంటే గాలి కావాలి. అందుకని ఆ కాలపు సబ్‌మెరీన్లు నీటి మీద ఉన్నంతసేపూ డీజిలుతో నడిచి, బాటరీలు నింపుకుని, నీటి కింద ఆ బాటరీలతో మెల్లగా పోయేవి.

"మన దిక్కువాళ్ళు ఎవరన్నా దాంట్ల పోయిన్రా మామా?"

పోయారు! ఆయన పేరు అబిద్ హసన్. హైదరాబాదులో 1911లో పుట్టారు. నిజామాబాదు కూడా అప్పట్లో హైదరాబాదు సంస్థానంలోదే కనుక మన దిక్కువారనే చెప్పుకోవచ్చు. ఆయన ఇంజనీరింగు చదవటానికి జర్మనీ వెళ్ళారు. 1941లో సుభాస్ చంద్ర బోసు ఇంగ్లీషువాళ్ళ కన్నుగప్పి అక్కడికి చేరేసరికి, చదువు పక్కన పెట్టి ఆయన వెంట నడిచారు. "జై హింద్" అనే పలకరింపును కల్పించింది ఈ అబిద్ హసన్ గారేనంటారు.

1942లో మలయా, బర్మాలు జపానువారి చేతికి చిక్కాయి. ఇంగ్లీషు సైన్యంలో పనిచేసిన మన సిపాయిలు వేలాదిమంది అక్కడ బందీలయ్యారు. వాళ్ళతో సైన్యం నడపాలంటే బోసు తూర్పుకు చేరాలి. నేల దారిన యుద్ధం, ఆకాశంలో శత్రు విమానాలు. మిగిలింది నీటి అడుగు దారి.

1943 ఫిబ్రవరి 9న జర్మనీలోని కీల్ రేవు నుంచి యు-180 అనే సబ్‌మెరీను బయలుదేరింది. దాని కెప్టెను పేరు మూసెన్‌బెర్గ్. బ్రేమెన్ నగరంలో కట్టిన ఈ సబ్‌మెరీను 1942 మే నెలలో నౌకాదళంలో చేరింది. బోసు వెంట ఎక్కిన భారతీయుడు అబిద్ హసన్ ఒక్కరే. ఎక్కడికి పోతున్నదీ ఆయనకు ముందుగా చెప్పనే లేదట!

యు-180 పొడవు సుమారు 88 మీటర్లు. కాని మనుషులు మసలే గొట్టం వెడల్పు నాలుగున్నర మీటర్లు కూడా లేదు. అందులోనే ఇంజన్లు, బాటరీలు, టార్పీడోలు, యాభై మందికి పైగా నావికులు. వేగం కోసమని దీనికి చిన్న యుద్ధపడవలకు వాడే ఇంజన్లు ఆరు బిగించారు. నీటిపైన గంటకు 38 కిలోమీటర్లు పోయేది. నీటి కింద 13 కిలోమీటర్లకు మించదు, అంటే మన సైకిలు వేగం! పైగా ఆ ఇంజన్లు తెగ పొగ చిమ్మేవి. డీజిల్ వాసన దుప్పట్లకూ, రొట్టెలకూ కూడా పట్టేది. ఆ రొట్టె బోసుకు సయించక, హసన్ గారు సామాన్లలో వెతికి బియ్యం, పప్పు సంపాదించి వండిపెట్టారట. బోసేమో పక్కనున్న జర్మను అధికారులకు కూడా పెట్టేవాడట. ఉన్న బియ్యం ఎన్నాళ్ళు వస్తాయోనని హసన్ గారి బెంగ.

బ్రిటను ఉత్తరంగా చుట్టి, అట్లాంటిక్ సముద్రం వెంట దిగి, ఆఫ్రికా కొస దాటి వెళ్ళారు. దారిలో ఏప్రిల్ 18న యు-180, కార్బిస్ అనే ఇంగ్లీషు చమురు ఓడను ముంచింది. ఆ ఓడ నావికుల్లో చాలామంది చనిపోయారు. ఆ ప్రయాణంలోనే ఒకసారి పొరపాటున సబ్‌మెరీను శత్రు ఓడకు ఎదురుగా పైకి తేలింది. ఓడ గుద్దటానికి మీదికి వస్తున్నది. సబ్‌మెరీనులో గగ్గోలు. బోసు మాత్రం ఏదో చెబుతూ రాయిస్తున్నాడు. హసన్ గారి చెయ్యి ఆగిపోయింది. ఒకే మాట రెండుసార్లు చెప్పినా రాసుకోవేమని బోసు అడిగాడట. ఆ గండం వెంట్రుకవాసిలో తప్పింది.

ఏప్రిల్ ఆఖరుకు, మడగాస్కర్ దీవికి దూరాన, ఐ-29 అనే జపాను సబ్‌మెరీను ఎదురు వచ్చింది. సముద్రం అల్లకల్లోలంగా ఉంది. రెండూ దగ్గరికి వస్తే ఒరుసుకుని పగులుతాయి. చివరకు ఏప్రిల్ 28న ఇద్దరూ రబ్బరు పడవలోకి దిగి, అలల్లో తడిసి ముద్దయి అవతలికి చేరారు. బయలుదేరి అప్పటికి 78 రోజులు. జపానువారు పెనాంగులో భారతదేశపు మసాలాలు కొని తెచ్చి, కూర వండిపెట్టారు. మే 6న సుమత్రా కొసన ఉన్న సబాంగ్ రేవులో వారు నేల మీద కాలు పెట్టారు.

"జర్మనీది ఏమయింది?" అన్నాడు మా వాడు.

బోసును దించి, జపానువారి నుంచి రెండు టన్నుల బంగారమూ, ఇద్దరు జపాను అధికారులనూ ఎక్కించుకుని యు-180 వెనుదిరిగింది. దారిలో బోరిస్ అనే గ్రీకు ఓడను ముంచి, జులై 3న ఫ్రాన్సులోని బోర్డో చేరింది. అక్కడ ఆ పొగ ఇంజన్లు ఊడదీసి వేరేవి పెట్టి, టార్పీడోలు తీసేసి, దాన్ని సరుకుల పడవగా మార్చారు. 1944 ఆగస్టు 20న మళ్ళీ తూర్పుకే బయలుదేరింది. నాలుగైదు రోజుల్లోనే బిస్కే అఖాతంలో మాయమయింది. సముద్రంలో పాతిన మందుపాతర తగిలి ఉంటుందంటారు. అందులో ఉన్న 56 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఐ-29ని అంతకు నెల ముందే అమెరికా సబ్‌మెరీను ముంచేసింది. బోసు, హసన్ ఎక్కిన రెండూ అలా ఒకే వేసవిలో పోయాయి.

అబిద్ హసన్ గారు మాత్రం బతికి బయటపడ్డారు. స్వాతంత్ర్యం వచ్చాక మన దేశపు దౌత్యశాఖలో పనిచేశారు. డెన్మార్కులో రాయబారిగా కూడా ఉన్నారు. ఆ దేశం పక్కనే కీల్ రేవు! ఆ తరువాత హైదరాబాదు తిరిగి వచ్చి, 1984లో అక్కడే కన్నుమూశారు.

సాయంత్రం నన్ను రైలెక్కించటానికి మా వాడు స్టేషనుకు వచ్చాడు. 88 మీటర్లంటే ఎంతని దారంతా అడుగుతూనే ఉన్నాడు. రైలు వచ్చి ఆగింది. నేను ఎక్కి కిటికీలోంచి చూస్తే, వాడు ప్లాట్‌ఫారం మీద పెట్టెలు లెక్కబెడుతూ నడిచి, నాలుగో పెట్టె చివర ఆగి, "ఇక్కడి దాకానా, మామా?" అని అరిచాడు. అవునని చెయ్యి ఊపాను.